ఒకటి నుంచి ఏడు దాకా

జూలై 8, 2019. సోమవారం

ఈ డైరీ యూనియన్ వాళ్ళు జనవరిలో ఇచ్చారు. ఇన్నాళ్ళూ వేడి గిన్నె కింద పెట్టుకోవడానికి పనికొచ్చింది. అట్ట మీద గుండ్రంగా మచ్చ కూడా పడింది. ఈ రోజు ఎక్కడో ఒకచోట తిట్టకపోతే నిద్ర పట్టేలా లేదు కాబట్టి దీన్ని తెరిచాను.

పదహారేళ్ళుగా గని కాంటా మీద లారీలు తూస్తున్నాను. లోడుతో ఒకసారి, ఖాళీగా ఒకసారి. ఇన్నేళ్ళలో ఏ లారీ బరువూ ఊరంతా వినేట్టు అరవలేదు. చీటీ రాసి డ్రైవరు చేతికిస్తాను, అంతే. కంపెనీ ఆస్పత్రిలో నన్ను తూచిన కాంపౌండరుకి ఆ పాటి మర్యాద లేదు. వరండాలో ఇరవై మంది కూర్చుని ఉంటే, "సారలమ్మ, అఠాసీ కిలో" అని కేకేశాడు. ఎనభై ఎనిమిది. వరండాలో ఎవరో నవ్వారు. ఎవరు నవ్వారో చూశాను. ఆమె లారీ కాదు కాబట్టి ఏం చేయలేకపోయాను.

అసలు సంగతి బరువు కాదు, డంపర్, గనిలో రాళ్ళు మోసే పెద్ద బండి. ఆడవాళ్ళకీ డంపర్ సీటు ఇస్తామని మార్చిలో నోటీసు పెట్టారు. పరీక్ష రాశాను. మూడు నెలలు ట్రైనింగు యార్డులో నడిపాను. రివర్సులో తెచ్చి రాళ్ళు నింపే షావెల్ కింద ఆపడంలో నాకొచ్చిన మార్కులు మా బ్యాచిలో ఎవరికీ రాలేదు. ఇక మెడికల్ ఒక్కటే మిగిలింది. అక్కడ అడుగెత్తు చెక్కపెట్టె ఒకటి పెట్టి, ఐదు నిమిషాలు ఎక్కి దిగమన్నారు. రెండో నిమిషంలో ఆగిపోయాను. కళ్ళ ముందు చీకట్లు వచ్చాయి.

డాక్టరు కాగితం మీంచి తల ఎత్తకుండానే చెప్పాడు. అక్టోబరు నాలుగున మళ్ళీ రావాలట. ఎనభై రెండుకి దిగాలి, పెట్టె పరీక్ష పూర్తి చేయాలి. లేకపోతే సీటు లిస్టులో తర్వాత ఉన్నామెకి పోతుంది.

డంపర్ నడిపేది నా చేతులు, నా కళ్ళు. పెట్టె ఎక్కే పని గనిలో ఎక్కడుందో నాకు తెలియదు.

జూలై 12. శుక్రవారం

క్యాంటీన్ బోర్డు మీద కాగితం అంటించారు. 'మోటాపా ముక్తి అభియాన్' అట, అంటే లావు వదిలించే ఉద్యమం. కింద పదకొండు పేర్లు. నాది మూడోది. లావుగా ఉన్నవాళ్ళ పేర్లు ఇడ్లీల కౌంటరు పక్కన అంటించాలని ఏ మహానుభావుడికి తోచిందో. పన్నెండు వారాలు, వారానికి మూడు రోజులు, పొద్దున ఏడు నుంచి ఎనిమిది, క్లబ్బు పక్క గ్రౌండులో. డ్యూటీ టైములోనే. రాకపోతే ఆబ్సెంట్.

ఇంటికొచ్చి మా ఆయనకి చెప్పాను. ఆయన సబ్‌స్టేషన్‌లో ఎలక్ట్రీషియన్. నాకంటే రెండు ముద్దలు ఎక్కువే తింటాడు, ఇప్పటికీ పెళ్ళినాటి ప్యాంటే వేసుకుంటాడు. "పోయి రా, ఏంది నష్టం?" అన్నాడు. ఆయనతో మాట్లాడలేదు.

జూలై 15. సోమవారం

చేయించేది ఒక ఆడమనిషి. పేరు కోసే. ముప్పై దాటి ఉంటాయి, సన్నగా, గట్టిగా ఉంది. ఒకప్పుడు రాష్ట్రం తరఫున నాలుగొందల మీటర్లు పరిగెత్తిందట. గొల్లపల్లి మనిషి, అంటే మా పుట్టూరు మరైగూడకి పక్కనే. దొర్లీ, గోండీ, హిందీ, తెలుగు, నాలుగూ వచ్చు. నాలుగింట్లోనూ తక్కువే మాట్లాడుతుంది. కంపెనీ ఈ పనికి ఆమెని కాంట్రాక్టు మీద పెట్టుకుంది.

ఒక నిమిషం ప్రాణం పోయేలా ఉరకడం, ఒక నిమిషం నడవడం. మళ్ళీ ఉరకడం, మళ్ళీ నడవడం. అలా పదిసార్లు. నా దగ్గరున్నవి గనిలో వేసుకునే సేఫ్టీ బూట్లే. ఒక్కోటి కిలో ఉంటుంది. నాలుగోసారికే నేల మీద కూలబడ్డాను. క్లబ్బు వరండాలో పేపరు చదివే ముసలాయన పేపరు దించి మరీ చూశాడు.

ఇదంతా ఒక ఎత్తు. అయిపోయాక తలా ఒక కాగితం ఇచ్చారు. హిందీలో ఎనిమిది ప్రశ్నలు. ఈ రోజు వ్యాయామం మీకు ఆనందం కలిగించిందా? హాయిగా అనిపించిందా? ఎనిమిదోది, మళ్ళీ చేయాలని ఉందా? ఒక్కో దానికీ ఒకటి నుంచి ఏడు దాకా అంకె వేయాలి. ఒకటంటే అస్సలు లేదు, ఏడంటే పూర్తిగా ఉంది. కింద సంతకం.

సీటు గుంజుకుంటామని బెదిరించి తెచ్చి, ఊపిరాడకుండా పరిగెత్తించి, ఆనందంగా ఉందా అని అడుగుతున్నారు. పదహారేళ్ళ ఉద్యోగంలో నా ఆనందం గురించి కంపెనీ అడగడం ఇదే మొదటిసారి.

నేను పెన్ను పట్టుకునే లోపే రామనర్సయ్య వచ్చాడు. వర్క్‌షాపులో ఫిట్టరు, యూనియన్‌లో పెద్ద, నూట నాలుగు కిలోలు. బోర్డు మీద మొదటి పేరు ఆయనదే. అందర్నీ దగ్గరికి పిలిచాడు.

"అందరూ ఒకట్లే వేయాలె. ఎనిమిదికి ఎనిమిదీ ఒకట్లే," అన్నాడు.

"ఎందుకన్నా?" అన్నాను.

"ఆనందమైతుంది అని రాసినవనుకో, ఇది డ్యూటీ కాదు, ఆట అంటరు. ఆట మీ టైములో ఆడుకోండి అంటరు. గంట పోతది. కష్టమైతే డ్యూటీ. ఇది కష్టమని మనమే కాగితం మీద పెట్టాలె. సమజైందా చెల్లె?"

సమజైంది. ఆ మాట ఆయన చెప్పకపోయినా నేను ఒకట్లే వేసేదాన్ని. కాగితం చిరిగేలా వేశాను.

జూలై 17

ఎనిమిది ఒకట్లు. కాళ్ళు కట్టెలయ్యాయి. కాంటా క్యాబిన్ మెట్లు పట్టుకుని పట్టుకుని ఎక్కాను.

జూలై 19

ఒకట్లు.

జూలై 22. సోమవారం

బూట్లు మార్చమని కోసే చెప్పింది. బజారుకి పోయి గుడ్డ బూట్లు కొన్నాను. పరీక్ష కోసం కొన్నాను, ఇంకెందుకూ కాదు. నీలం రంగువి ఉన్నాయి, తెల్లవి ఉన్నాయి. ఎర్రమట్టికి తెల్లవి ఒక్క రోజు కూడా ఆగవు కాబట్టి నీలంవి తీసుకున్నాను. కొట్టువాడు రెండు జతలు చూపిస్తే చాలని తొందరపెట్టాడు. ఆరు చూపించేదాకా కదల్లేదు.

ఈ రోజు ఆరుసార్లు ఉరికాను. ఒకట్లు.

జూలై 24. బుధవారం

ఈ ఒక నిమిషం ఉరుకు, ఒక నిమిషం నడక ఏదో పెద్ద సైన్సు అన్నట్టు మా సేఫ్టీ సాబ్ వచ్చి ఉపన్యాసం ఇచ్చాడు. విదేశాల్లో కనిపెట్టారట. నాకు నవ్వొచ్చింది. మరైగూడలో మా నానమ్మ సోమక్క జొన్నచేనుకి నన్ను కాపలా పెట్టినప్పుడు నాకు పదేళ్ళు. చిలకల గుంపు ఈ మూల వాలితే మంచె దిగి కేకలేసుకుంటూ ఈ మూలకి ఉరకాలి. అవి లేచి చుట్టు తిరిగేదాకా గస తీర్చుకోవాలి. అవి ఆ మూల వాలతాయి. మళ్ళీ ఉరకాలి. పొద్దున మొదలుపెడితే ఎండ ఎక్కేదాకా అదే పని. ఏ విదేశాల వాళ్ళూ వచ్చి కాగితం ఇవ్వలేదు.

ఆ రోజుల్లో గస వస్తే చేలో వెల్లకిలా పడుకుని ఆకాశం చూసేదాన్ని. ఇది ఎందుకు రాస్తున్నానో తెలియదు.

ఎనిమిదిసార్లు. ఒకట్లు.

జూలై 26. శుక్రవారం

వాన.

ఈ వానకి బుద్ధి లేదు. కురిసేదేదో మధ్యాహ్నం నుంచి కురవొచ్చు కదా. పొద్దున నాలుగింటికి మొదలుపెట్టి, ఏడింటికి గ్రౌండంతా ఎర్రగా బురద చేసి, ఎనిమిదిన్నరకి చక్కగా ఆగింది. ఎనిమిదిన్నరకి ఆగి ఎవరికి లాభం? ఏడింటికే పోయి గొడుగేసుకుని నిలబడ్డాను. కోసే వచ్చి ఈ రోజు లేదు పొమ్మంది. ఎందుకు లేదు, నేనేమన్నా ఉప్పునా అన్నాను. కాలు జారితే ఎవరు జవాబుదారీ అంది. అంత జారేంత బురదేమీ లేదు, నేను తొక్కి చూశాను. వీళ్ళకి పని ఎగ్గొట్టడానికి ఒక వంక కావాలి. వారానికి మూడు రోజులు అని బోర్డు మీద రాసినప్పుడు మూడు రోజులు చేయించాలి. రెండు రోజులు చేయించి మూడు అని రాసుకుంటే దాన్ని ఏమంటారు? యూనియన్‌లో అడగాలి. క్లబ్బుకి అంత పెద్ద హాలుంది, కుర్చీలు పక్కకి జరిపితే పదకొండు మంది హాయిగా ఉరకొచ్చు. అక్కడ పెద్దసాబుల పిల్లలు క్యారమ్స్ ఆడుకుంటారట. కార్మికులు ఉరికితే నేల పాడవుతుందట. రోజంతా కాంటా మీద కూర్చున్నా మనసు ఎటూ పోలేదు. డ్రైవర్ల మీద అరిచాను. ఒకడు చీటీ తీసుకుంటూ ఏమైంది సారలక్కా అని అడిగాడు. వాన కురిసింది అన్నాను.

మా ఆయన గోధుమపిండితో ఏదో చేయమన్నాడు. చేయలేదు.

జూలై 29

పదికి పది. ఒకట్లు.

ఆగస్టు 2. శుక్రవారం

కాంటా క్యాబిన్ మెట్లు ఆగకుండా ఎక్కాను. చల్లగాలి వీస్తోంది, అందుకే.

బట్టలు ఉతికే రాయి దగ్గర బూట్లు కడుగుతుంటే మా ఆయన వచ్చి నిలబడ్డాడు.

"ఏందే, పాట పాడుతున్నవ్?"

"పాడట్లేదు."

"ఇంతసేపు పాడినవ్ గదా. లైన్‌మెన్ ముయా గూడ ఆగి విన్నడు."

"బురద వదలట్లేదు, దాన్ని తిడుతున్న."

"రాగం తీసి తిడతరా?" అని నవ్వుకుంటూ పోయాడు. పాతికేళ్ళ నుంచి ఈ మనిషితో ఇదే వరస.

ఒకట్లు.

ఆగస్టు 7. బుధవారం

ఉరికే నిమిషంలో ఆఖరి పది సెకన్లు కోసే పక్కనే ఉరుకుతుంది. ఏమీ మాట్లాడదు. పక్కన ఆమె కాళ్ళ చప్పుడు వినపడుతుంటే నా కాళ్ళు వాటంతట అవే వేగం అందుకుంటాయి. ఇలా మనిషిని తరమడం న్యాయం కాదని చెప్పాలనుకున్నాను. నడిచే నిమిషం రాగానే మర్చిపోయాను.

రామనర్సయ్య కూడా పదీ పూర్తి చేశాడు. ముఖమంతా నవ్వే. కాగితం ఇచ్చేసరికి మొహం గంటు పెట్టుకుని ఒకట్లు వేశాడు. నేనూ వేశాను.

ఆగస్టు 9

మళ్ళీ వాన. దీని మొహం మండ. క్వార్టర్ల మెట్లు మూడంతస్తులూ పదిసార్లు ఎక్కి దిగాను. పరీక్ష ఉంది కదా, అలవాటు తప్పకూడదు. కింది ఇంటామె ఏదో పోగొట్టుకున్నానేమో అని వెతకడానికి వచ్చింది.

ఆగస్టు 14. బుధవారం

అందరూ పోయాక కోసే నన్ను ఆపింది. చేతిలో మా కాగితాల కట్ట ఉంది.

"అక్కా, ఒక మాట అడుగుత. నిజం చెప్తవా?"

"అడుగు."

"నేను చేయించేది బాగలేదా? ఇరవై సెకన్లు తగ్గించి చూసిన. చెట్టు నీడకు మార్చిన. మొన్న పాటలు పెట్టిన. ఏం చేసినా అందరిదీ ఒకటే. పదకొండు మందికి ఒక్కరోజు, ఒక్క ప్రశ్నకు గూడ రెండు రాలేదు."

రామనర్సయ్య చెప్పిన మాట నోటిదాకా వచ్చింది. చెప్తే ఆమె పైకి చెప్తుంది, పైవాళ్ళు గంట కోస్తారు. ఆమె కంపెనీ మనిషి కదా అనుకున్నాను.

"వ్యాయామం బాగుండడమేంది? కష్టం కష్టమే," అన్నాను.

తల ఊపింది. కాగితాలు సంచిలో పెట్టుకుంది. "సరే అక్కా. ఇంకోలా చేసి చూస్త," అంది.

ఆమెకి అంత పట్టింపు ఎందుకు? జీతం వస్తోంది కదా. ఇంటికి వస్తున్నంతసేపూ ఆమె మీద కోపం వస్తూనే ఉంది.

ఆగస్టు 16

ఒకట్లు.

ఆగస్టు 23

ఎనభై నాలుగు. ఈసారి కాంపౌండరు మెల్లగానే చెప్పాడు. ఇప్పుడు అరవొచ్చు కదా. అరవడు.

ఆగస్టు 30. శుక్రవారం

ఈ రోజు రెండు జట్లుగా చేసి పోటీ పెట్టింది. మా జట్టు గెలిచింది. చివరి నిమిషంలో రామనర్సయ్యని నేను దాటాను. దాటుతూ ఏదో అరిచాను, ఏమని అరిచానో గుర్తులేదు. జొన్నచేలో చిలకలని అదిలించినట్టు ఉందని కోసే అంది. వాళ్ళ ఊళ్ళోనూ అలాగే అరుస్తారట.

కాగితం ముందు పెట్టుకుని కాసేపు కూర్చున్నాను. రామనర్సయ్య నావైపే చూస్తున్నాడు. ఒకట్లు వేసి ఇచ్చాను.

సెప్టెంబరు 4. బుధవారం

సోమవారం వినాయకచవితి సెలవు. ఈ రోజు ఏడింటికి పోతే గ్రౌండు గేటుకి తాళం. పక్కన కాగితం.

'పాల్గొన్న కార్మికులు తమ సంతకాలతో ఏకగ్రీవంగా ఇచ్చిన అభిప్రాయాల ప్రకారం ఈ వ్యాయామం వారికి ఏమాత్రం ఆనందం కలిగించలేదు. కార్మికుల మనోభావాలను గౌరవించి అభియాన్ నేటితో నిలిపివేయడమైనది.'

మూడుసార్లు చదివాను. ఇంకా ఐదు వారాలు ఉండాలి. నా పరీక్షకి నెల రోజులుంది.

రామనర్సయ్య చదివి, "జూసినవా, యూనియన్ దెబ్బ," అన్నాడు. ఎవరూ నవ్వలేదు. ఆయన కూడా అక్కడే నిలబడ్డాడు. పదకొండు మందిమి తాళం వేసిన గేటు ముందు ఎనిమిది దాకా ఊరికే నిలబడి, ఎవరి డ్యూటీకి వాళ్ళం పోయాం.

సెప్టెంబరు 5. గురువారం

పర్సనల్ ఆఫీసరు దగ్గరికి పోయాను. కుర్చీ చూపించలేదు. పన్నెండు వారాలని మీరే బోర్డు మీద రాశారు, ఏడు వారాలకి ఎలా ఆపుతారని అడిగాను. నా సీటు సంగతేంటని అడిగాను. గొంతు పెరిగింది, బయట ప్యూన్ లేచి నిలబడ్డాడు.

ఆయనకి కోపం రాలేదు. అదే నా ఒళ్ళు ఇంకా మండించింది. ఫైలు తెప్పించి నా కాగితాలు తీసి వరసగా బల్ల మీద పేర్చాడు. పందొమ్మిది. రెండు రోజులు వాన కదా.

"మేడమ్, ఇది మీ సంతకమేనా?"

"నాదే."

"ఎనిమిది ప్రశ్నలు, పందొమ్మిది రోజులు. నూట యాభై రెండు జవాబులు. అన్నీ ఒకటే. ఇంత బాధపడుతున్నవాళ్ళని మేము ఇంకా బాధపెట్టాలా?"

ఆ అంకెలు మొదటి రోజు ఎంత గట్టిగా నొక్కానో, కాగితం వెనక్కి తిప్పినా కనిపిస్తున్నాయి. తల కొట్టేసినట్టయింది.

సెప్టెంబరు 6. శుక్రవారం

కోసే వాళ్ళ ఊరివైపు పోయే కుంట బస్సు ఎక్కుతోందని తెలిసి బస్టాండుకి పోయాను. ఒక సంచి, ఒక చేతి బ్యాగు.

నన్ను చూసి సంచిలోంచి కాగితం తీసింది. "నీ కోసమే ఉంచిన అక్కా. అక్టోబరు నాలుగు దాకా ఏ రోజు ఎన్నిసార్లు ఉరకాల్నో రాసిన. ఆపకు. నీకు పెట్టె పరీక్ష వస్తది, నాకు తెలుసు."

తీసుకున్నాను.

"గొల్లపల్లి పోయి ఏం చేస్తవ్?" అన్నాను.

"ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలల ఆటల టీచరు పోస్టు ఉంది. అర్జీ పెట్టిన. కానీ కంపెనీ ఇచ్చిన సర్టిఫికెట్ల ఇట్ల రాసిన్రు," అని చూపించింది. 'వీరి శిక్షణ పట్ల పాల్గొన్నవారందరూ పూర్తి అసంతృప్తి వ్యక్తం చేశారు.' పెద్ద సంతకం, గుండ్రని ముద్ర.

"ఈ ఏడు వారాలు నిద్ర సరిగ పోలే అక్కా. ఎక్కడ తప్పు చేస్తున్ననో తెలువలే," అంది. కోపంగా అనలేదు. ఆ మాట అని బస్సు ఎక్కింది.

కండక్టరు టికెట్లు కొట్టేదాకా, బస్సు కదిలేదాకా టైము ఉంది. నేను చెప్పలేదు.

సెప్టెంబరు 7. శనివారం

రుజువు కోసం ఈ డైరీ అంతా వెనక్కి తిప్పాను. ఏదో ఒక రోజైనా నాకు బాగుందని రాసుకుని ఉంటాను, అది చూపిస్తే కోసేకి పనికొస్తుందని ఆశ. ఎక్కడా లేదు. నేను తప్ప ఎవరూ చదవని దాంట్లో కూడా ఒకట్లే వేసుకున్నాను. ఇక్కడ ఎవరు గంట కోస్తారని?

ఒక్కటి మాత్రం కనిపించింది. ఉరికిన రోజుల్లో చాలా వాటికి ఒకటి రెండు లైన్లే. వాన వచ్చి ఉరకని రోజు పేజీ నిండా తిట్లు.

మా ఆయనకి చదివి వినిపించాను. "గీ సంగతి నాకు పాటప్పుడే తెలుసు," అన్నాడు.

సెప్టెంబరు 9. సోమవారం

గ్రౌండుకి తాళం ఉంది కానీ వెనకవైపు కంచె పడిపోయి ఉంది. ఐదింటికి పోయాను, ఎవరూ చూడరని. కంచె దాటేసరికి ఎదురుగా లుంగీ పైకి కట్టి ఒక భారీ మనిషి ఉరుకుతున్నాడు. రామనర్సయ్య.

ఇద్దరం ఆగాం.

"ఏందన్నా?"

"బీపీ. డాక్టరు చెప్పిండు," అన్నాడు. తర్వాత, "నువ్వేంది?" అన్నాడు.

"పరీక్ష," అన్నాను.

కోసే రాసిచ్చిన కాగితం చూసి పదిసార్లు చేశాం. అయిపోయాక మెట్ల మీద కూర్చున్నాం. తెల్లారుతోంది. గుండె ఇంకా దడదడలాడుతూనే ఉంది, ఒళ్ళంతా తేలిగ్గా ఉంది. రాస్తున్నాను కదా, పూర్తిగా రాస్తాను. బాగుంది. నాకు చాలా బాగుంది. మొదటి వారం తప్ప ప్రతి రోజూ బాగుంది.

సెప్టెంబరు 20

ఏడుగురం అయ్యాం. ఎవరికి వాళ్ళు బీపీ అనే చెప్పారు.

అక్టోబరు 4. శుక్రవారం

ఎనభై ఒకటిన్నర. పెట్టె మీద ఐదు నిమిషాలూ ఎక్కి దిగాను. డాక్టరు ఆపమన్నాక కూడా ఇంకో నాలుగు అడుగులు వేశాను. 'ఫిట్' అని రాసి ముద్ర కొట్టాడు. సీటు ఆర్డరు దసరా వెళ్ళాక చేతికిస్తారట.

ఆ పెట్టె మీద నాలుగో నిమిషంలో కాళ్ళు లాగేసినప్పుడు పక్కన కోసే కాళ్ళ చప్పుడు వినపడింది. ఆమె అక్కడ లేదు, గొల్లపల్లిలో ఉంది. ఆమె పని పోయిందీ నా వల్లే, నా పని అయిందీ ఆమె వల్లే.

అక్టోబరు 5. శనివారం

కోసేకి ఫోన్ చేశాను. పోస్టుకి ఇరవై నాలుగున ఇంటర్వ్యూ. ఆ సర్టిఫికెట్టు చూపించాలా మానాలా అని ఆలోచిస్తోంది. చూపించకపోతే అనుభవం లేనట్టే. అప్పుడు చెప్పాను, అన్నీ. రామనర్సయ్య మాట, డ్యూటీ గంట, ఒకట్లు.

అయిపోయాక ఆమె ఒక్క సంగతే ఎత్తింది.

"ఆ రోజు నిన్ను అడిగిన గదా అక్కా. నిజం చెప్తవా అని," అంది.

"అడిగినవ్."

"నీ ఎనిమిది ఒకట్లకంటే ఆ రోజు నువ్వు చెప్పిన ఒక్క మాటే ఎక్కువ నొప్పి పెట్టింది." ఫోన్ పెట్టేసింది.

మూడు నెలలుగా అందరి మీదా మండిపడుతూ ఉన్నాను. కాంపౌండరు, డాక్టరు, బోర్డు, వాన. అసలు కోపం రావలసిన మనిషి వీళ్ళెవరూ కాదు. ఆ మనిషి అద్దంలో రోజూ జుట్టు దువ్వుకుంటోంది.

అక్టోబరు 10. గురువారం

కంపెనీకి ఉత్తరం రాశాను. ఆ జవాబులు అబద్ధమని, శిక్షణ బాగుందని, సర్టిఫికెట్టు మార్చి ఇవ్వాలని. సంతకాల కోసం రామనర్సయ్య దగ్గరికి తీసుకుపోయాను.

"చెల్లె, నీ ఆర్డరు ఇంకా చేతికి రాలే. పందొమ్మిది కాగితాల్ల అబద్ధం రాసిన అని నువ్వే రాసిస్తే ఊకుంటరా? ఆర్డరు తీసుకో, పదిహేను రోజులాగి ఇయ్యి."

"ఆమె ఇంటర్వ్యూ ఇరవై నాలుగున."

"ఆనందమైంది అన్నవంటే ఇగ గంట గూడ అడగలేం."

"గంట ఎట్లాగూ పోయింది గదన్నా. పొద్దున ఐదింటికి ఏ డ్యూటీ అని వస్తున్నవ్?"

జేబులోంచి పెన్ను తీశాడు. నా సంతకం కింద ఆయన సంతకం పెట్టాడు. ఏడుగురం పెట్టాం. ఆఫీసులో ఇచ్చి, నకలు మీద అందినట్టు ముద్ర వేయించుకుని, ఆ నకలు బస్సులో కోసేకి పంపాను.

అక్టోబరు 17

మెమో. ముందు సంతకం నాది కాబట్టి నాకొక్కదానికే. 'సంస్థకు ఉద్దేశపూర్వకంగా తప్పుడు సమాచారం ఇచ్చినందుకు మీపై ఎందుకు చర్య తీసుకోకూడదో, అలా ఇవ్వడానికి కారణమేమిటో తెలుపవలెను.'

యూనియన్ తరఫున జవాబు రాసిస్తానని రామనర్సయ్య అన్నాడు. వద్దన్నాను.

అక్టోబరు 18

నేనే రాశాను. నాలుగు లైన్లు. నకలు ఇక్కడ ఉంచుకుంటున్నాను.

'అయ్యా, తప్పుడు సమాచారం ఇచ్చిన మాట నిజం. డ్యూటీ గంట పోతుందని భయపడ్డాను, అది సగం కారణం. లావుగా ఉన్నానని బోర్డు మీద పేరు వేసి పంపిన చోట నాకు సంతోషం కలిగిందని మీ ముందు ఒప్పుకోవడానికి రోషం అడ్డొచ్చింది, అది మిగతా సగం. ఇప్పుడు ఆ ఎనిమిది ప్రశ్నలకీ నా జవాబు ఏడు.'

అక్టోబరు 25. శుక్రవారం

రెండు సంగతులు.

ఆఫీసులో పిలిచి వార్నింగు కాగితం ఇచ్చారు. డంపర్ సీటు ఈ బ్యాచికి లేదు, ఏప్రిల్ బ్యాచికి మార్చారు. అప్పుడు మళ్ళీ మెడికల్. ఆనందంగా ఉంటే వ్యాయామం మీ సొంత టైములో చేసుకోవచ్చని కూడా అందులో రాశారు. రామనర్సయ్య మొదటి రోజు చెప్పిన మాట, అక్షరం పొల్లుపోకుండా. ఆయనకి చూపిస్తే గర్వపడాలో ఏడవాలో తెలియక తల గోక్కున్నాడు.

లిస్టులో నా తర్వాత ఉన్నామె ఈ రోజు నా డంపర్ ఎక్కింది. కాంటా క్యాబిన్ కిటికీలోంచి చూశాను. రివర్సులో రెండుసార్లు తప్పింది. ఏడుపొచ్చింది, ఏడ్చాను. లారీ వాడు చీటీ కోసం కింద నిలబడి హారన్ కొట్టాడు, కొట్టనీ అని ఊరుకున్నాను.

సాయంత్రం కోసే ఫోన్. ఉద్యోగం వచ్చింది. మా ఉత్తరం ముద్రతో సహా చూపించిందట. మెమో సంగతీ, ఏప్రిల్ సంగతీ చెప్పాను, మెమోకి నేనిచ్చిన జవాబు చదివి వినిపించమంది. వినిపించాను.

"ఎనిమిదో దానికి గూడ ఏడేనా?" అంది. మళ్ళీ చేయాలని ఉందా అన్నది ఎనిమిదో ప్రశ్న.

"ఏడే."

"అయితే పదిసార్లు చాలదు. ఏప్రిల్ దాకా టైమున్నది గదా. రేపటిసంది పన్నెండు."

పన్నెండంటే మాటలా? నలభై నాలుగేళ్ళ మనిషిని. గొల్లపల్లిలో కూర్చుని ఫోన్లో అంకెలు చెప్పడం ఎంత సులువు. ఆమె మీద ఒళ్ళు మండిపోయింది, ఆ మాట ఆమెతోనే అన్నాను, ఆమె నవ్వింది. అలారం నాలుగున్నరకి పెట్టాను.